పెళ్ళికొడుకు రక్తపరీక్ష

మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ ఆరోగ్యం గురించి మాట్లాడుకోవటానికి ఒక తీరూ తెన్నూ వుంది. నెల తప్పిన నాటినుంచి పురిటిస్నానం దాకా అత్తగారూ, అమ్మమ్మగారూ, పక్కింటి పిన్నిగారూ తలా ఒక మాట చెబుతారు. మగవాడి సంగతి అలా కాదు. వాడికి జలుబు చేస్తే ఇల్లంతా తెలుస్తుంది. సంసారానికి సంబంధించిన దిగులు ఏదైనా పట్టుకుంటే మాత్రం వాడికీ, బస్‌స్టాండు గోడమీద ప్రకటన రాయించిన లాడ్జి వైద్యుడికీ తప్ప మూడోకంటివాడికి తెలియదు.

నేను కోస్తాలో ఒక మోస్తరు పట్నంలో ముప్ఫై ఏళ్ళకు పైగా వైద్యం చేస్తున్నవాణ్ణి. ఇలాంటి దిగులుతో వచ్చే మగవాణ్ణి గుమ్మంలోనే పోల్చుకోగలను. సాయంత్రం జనం మధ్య రాడు. రాత్రి తొమ్మిది దాటాక, కాంపౌండరు దీపాలార్పే వేళకు వస్తాడు. ముందు కడుపులో మంట అంటాడు. తరవాత నిద్ర పట్టటం లేదంటాడు. లేచి వెళ్ళబోతూ ఆగి, జేబులోనుంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీస్తాడు. దానిమీద లాబరేటరీవాళ్ళు 'రియాక్టివ్' అనో, 'పాజిటివ్' అనో రాసి వుంటారు.

ఆ కాగితం చేతికి రావటానికి సామాన్యంగా మూడు దారులున్నాయి. కాలేజీలోనో ఆఫీసులోనో రక్తదాన శిబిరం పెడితే ఉత్సాహంగా రక్తం ఇచ్చినవాళ్ళు కొందరు. హెర్నియాకో, మొలలకో ఆపరేషను చేయించుకోబోయి పరీక్షలు చేయించుకున్నవాళ్ళు కొందరు. దుబాయో, కువైటో పోదామని మెడికల్‌కు వెళ్ళి 'అన్‌ఫిట్' అనిపించుకుని తిరిగివచ్చినవాళ్ళు మరి కొందరు. కరీంనగర్, నిజామాబాద్ వైపునుంచీ, గోదావరి జిల్లాలనుంచీ గల్ఫ్‌కు మగవాళ్ళను పంపే కుటుంబాలకు ఈ ముక్క కొత్తది కాదు. వీళ్ళలో చాలామందికి ఒంట్లో ఏ బాధా వుండదు. నిన్నటిదాకా ఆరోగ్యంగా తిరిగిన మనిషి ఒక్క కాగితంతో రోగి అయిపోతాడు.

అప్పుడు వాళ్ళు మొదట అడిగేది తమ ప్రాణం గురించి కాదు. పెళ్ళికానివాడు "డాక్టరుగారూ, నేను పెళ్ళి చేసుకోవచ్చా?" అంటాడు. పెళ్ళయినవాడు "మా ఆవిడకు అంటిందంటారా? మాకు పిల్లలు పుడతారా?" అంటాడు. ఈ ప్రశ్నలకు ఇవాళ వైద్యశాస్త్రంలో స్పష్టమైన జవాబులున్నాయి. అవి చాలావరకు మంచి జవాబులే. అడగటానికి సిగ్గుపడి, చెప్పటానికి భయపడి, ఆ మంచి జవాబులు అందకుండానే చెడిపోయిన సంసారాలను చూశాను గనుక ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. ఇంటిల్లిపాదీ చదవదగ్గ తీరులోనే రాస్తాను. విషయం దాంపత్యానికి సంబంధించినది కాబట్టి కొన్ని మాటలు దాపరికం లేకుండా అనక తప్పదు.

మూడు వైరస్‌లు, మూడు నడతలు

రక్తంలో ఏళ్ళ తరబడి కాపురం పెట్టి, మగవాడి సంసారాన్ని తాకే వైరస్‌లు ముఖ్యంగా మూడు: హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి. మొదటి రెండూ కాలేయాన్ని పట్టేవి. మూడోది ఒంట్లోని రోగనిరోధకశక్తిని తినివేసేది. మూడూ రక్తం ద్వారా పాకేవే అయినా మూడింటినీ ఒకే గాటన కట్టరాదు. బి రకానికి చక్కని టీకా వుంది. పూర్తిగా తుడిచిపెట్టే మందు మాత్రం లేదు, అణచివుంచే మందే వుంది. సి రకానికి నయంచేసే మందు వుంది, టీకా లేదు. హెచ్.ఐ.వి.కి టీకా లేదు, తుడిచిపెట్టే మందూ లేదు. కాని అణచివుంచే మందు ఎంత బాగా పనిచేస్తుందో ముందుముందు చెబుతాను.

ఇవి ఎక్కడో వున్న జబ్బులు కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 సంవత్సరానికి వేసిన అంచనా ప్రకారం మన దేశంలో హెపటైటిస్ బి వున్నవాళ్ళు సుమారు 2 కోట్ల 98 లక్షలమంది, సి వున్నవాళ్ళు 55 లక్షలమంది. హెచ్.ఐ.వి. వున్నవాళ్ళు 2021 అంచనాలో సుమారు 24 లక్షలు. వారిలో 3 లక్షలకు పైగా మన ఆంధ్రప్రదేశ్‌వాళ్ళే.

కామెర్లనగానే పసరు పోయించటం, చేతిమీద వాత పెట్టించటం మనవాళ్ళకు అలవాటు. చెడ్డనీళ్ళవల్లా, తిండివల్లా వచ్చే ఏ, ఇ రకాల కామెర్లు సామాన్యంగా వాటంతటవే తగ్గుతాయి. తగ్గినందుకు పేరు పసరుకు వస్తుంది. బి, సి రకాల దగ్గిర ఈ వైద్యం చెల్లదు. కళ్ళ పసుపు తగ్గినా వైరస్ రక్తంలో మిగిలిపోవచ్చు. అసలు ఒక్కరోజు కూడా కళ్ళు పచ్చబడకుండానే ముప్ఫై ఏళ్ళు కూచుని, చివరికి కాలేయాన్ని గట్టిపరచవచ్చు, కాన్సరుకూ దారితీయవచ్చు.

ఇది నడవడి పత్రం కాదు

కొన్నేళ్ళ కిందట ఒక సంబంధం నా గదిలోనే తెగిపోయేదాకా వచ్చింది. పెళ్ళికొడుకు ఇంజనీరు. ఆషాఢానికి ముందే తాంబూలాలు పుచ్చుకున్నారు. ఆ తరవాత ఆఫీసులో రక్తం ఇస్తే హెపటైటిస్ బి వున్నదని తేలింది. కుర్రవాడు బుద్ధిమంతుడు గనుక దాచకుండా కాబోయే మామగారికి తనే చెప్పాడు. ఆయన ఆ రిపోర్టు పట్టుకుని నా దగ్గిరకు వచ్చారు.

"ఇది సంపర్కంవల్ల వస్తుందని ఫోనులో చదివాను డాక్టరుగారూ. అబ్బాయి ఎక్కడెక్కడ తిరిగాడో ఏమో! తెలిసి తెలిసి నా పిల్ల గొంతు కొయ్యమంటారా?" అన్నారు.

"అబ్బాయి తల్లిగారికి పరీక్ష చేయించారా?" అని అడిగాను.

ఆయన తెల్లబోయారు. ఆయనే కాదు, చాలామందికి ఈ సంగతి తెలియదు. హెపటైటిస్ బి పెద్దవాడికి సోకితే నూటికి తొంభైయైదుమందికి పైగా కొద్దినెలల్లో దాన్ని వదిలించుకుంటారు. అదే పురిటిలో తల్లినుంచి బిడ్డకు సోకితే, నూటికి తొంభైమంది దగ్గిర అది జీవితాంతం వుండిపోతుంది. కనుక పాతికేళ్ళ కుర్రవాడి రక్తంలో ఈ వైరస్ స్థిరపడి కనిపిస్తే, అది అతను పుట్టిననాడో, పసితనంలోనో వచ్చి వుండటానికే ఎక్కువ అవకాశం. మంగలి కత్తివల్లా, సరిగా మరిగించని సూదివల్లా, పచ్చబొట్టువల్లా కూడా రావచ్చు. ఈ వైరస్ ఒంటి బయట ఎండిన రక్తంలో కనీసం ఏడు రోజులు బతికివుంటుంది. సంపర్కంవల్లనూ రావచ్చు. ఏ దారిన వచ్చిందో ఆ కాగితం చెప్పదు. చెప్పని సంగతిని మనం చదవకూడదు.

ఆ తల్లికి పరీక్ష చేయించారు. ఆవిడ రక్తంలోనూ వుంది. రెండో కొడుకు రక్తంలోనూ వుంది. ఆవిడ నా ముందు కూచుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "నా బిడ్డలకు నేనే విషం పోశానా బాబూ?" అన్నది.

"లేదమ్మా. మీకు మీ అమ్మగారి దగ్గిరనుంచి వచ్చి వుండవచ్చు. మీ కాన్పులనాడు మన ఊళ్ళల్లో ఈ పరీక్ష ఎవరు చేశారు, ఈ టీకా ఎవరు వేశారు? ఇందులో ఎవరి తప్పూ లేదు. తెలిసింది గనుక ఇకమీద మీ ముగ్గురి కాలేయాలూ కనిపెట్టి వుండవచ్చు. ఈ పరీక్ష మీకు మేలే చేసింది" అన్నాను.

కుర్రవాడి నడతమీద పడిన అనుమానం ఆ పూటతో తొలగిపోయింది. ఇక మిగిలింది పిల్ల క్షేమం.

పెళ్ళికూతురికి మూడు సూదులు

హెపటైటిస్ బి వున్న మగవాడి వీర్యంలోనూ ఆ వైరస్ వుంటుంది. కాబట్టి భార్యకు ప్రమాదం వున్నమాట నిజమే. ఐతే ఆ ప్రమాదానికి అడ్డుకట్ట చాలా తేలిక. ముందు అమ్మాయి రక్తం పరీక్ష చేయించాలి. ఆమెకు ఇదివరకే సోకి తగ్గిపోయి వుండవచ్చు, చిన్ననాడే టీకా పడి వుండవచ్చు. రెండూ లేకపోతే మూడు సూదులు: ఇవాళ ఒకటి, నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది. మూడోదైన నెలా రెండు నెలల్లో మరో పరీక్ష చేయించి, రక్తంలో రక్షణ 10 యూనిట్లకు పైగా వున్నదని చూసుకోవాలి. సామాన్యంగా ఆరోగ్యవంతులకు ఈ రక్షణ చక్కగా వస్తుంది. రానివాళ్ళకు మళ్ళీ ఒక వరస సూదులు వేస్తారు.

రక్షణ వచ్చాక భర్తవల్ల ఆమెకు భయం లేదు. దంపతులు అందరిలాగే వుండవచ్చు. ఈలోగానే పెళ్ళయితే, రక్షణ తేలేదాకా నిరోధ్ వాడితే సరి. ఒక్క రేజరు, పళ్ళ బ్రష్షు, గోళ్ళ కత్తెర మటుకు ఎవరివి వారికి వేరుగా వుండాలి. కంచం, గ్లాసు, పక్క, తువ్వాలు వేరు చెయ్యనక్కర లేదు. ఒకే పళ్ళెంలో తిన్నందువల్ల ఇది రాదు.

మగవాడు చేయవలసింది వేరే వుంది. ఈ వైరస్ వున్న ప్రతివాడికీ మందు అక్కర లేదు. కాలేయం స్థితి, రక్తంలో వైరస్ లెక్క చూసి డాక్టరు తేలుస్తాడు. అక్కరైనవాడికి టెనోఫోవిర్ గాని, ఎంటికవిర్ గాని రోజుకొక మాత్ర. తనంతట తాను మానరాదు. మానితే కాలేయం ఒక్కసారిగా ఎదురుతిరగవచ్చు. మందు అక్కర లేనివాడు కూడా ఆరు నెలలకొకసారి పరీక్ష చేయించుకోవాలి. సారా, బీరు, విస్కీ, పేరు ఏదైనా సరే, బొత్తిగా మానాలి.

నే చెప్పిన సంబంధంలో అమ్మాయికి శ్రావణంలో మొదటి సూది వేశాం. మాఘంలో మూడోది పడింది. ఫాల్గుణంలో రక్షణ పరీక్ష చూసుకుని అదే నెలలో ముహూర్తం పెట్టుకున్నారు. మామగారు శుభలేఖ తెచ్చి ఇస్తూ, "కట్నకానుకల సంగతి మాట్లాడుకోవటానికి ఇంతకంటే ఎక్కువ రోజులు పట్టింది లెండి" అన్నారు.

హైదరాబాదు టీకా

ఈ వైరస్ ఆనవాలును బ్లంబర్గ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1960లలో ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో కనిపెట్టాడు. అందుకు 1976లో నోబెల్ బహుమానం వచ్చింది. 1981లో అమెరికాలో టీకా బయటికి వచ్చింది గాని, దిగుమతి సరుకు గనుక మన మధ్యతరగతి ఇళ్ళకు అందని ధరలో వుండేది. ఆ రోజుల్లో మన తెలుగువాడే, కె. ఐ. వరప్రసాదరెడ్డి అనే ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, 1993లో హైదరాబాదులో తల్లి పేర శాంతా బయోటెక్నిక్స్ సంస్థ పెట్టి, 1997లో ఈ టీకాను మన దేశంలోనే తయారుచేసి విడుదల చేశాడు. దాంతో ధర సామాన్యులకు అందేటంత కిందికి దిగింది. తరవాత 2011నాటికి పసిపిల్లల టీకాల్లో ఇది దేశమంతటా చేరింది. ఆస్పత్రిలో పుట్టిన బిడ్డకు ఇరవైనాలుగు గంటల్లోపల మొదటి సూది వేస్తున్నారంటే, ముప్ఫై ఏళ్ళ తరవాత జరగబోయే పెళ్ళికి ఇప్పుడే అడ్డంకి తీసేస్తున్నారన్నమాట!

నయమయ్యే జబ్బుకు ఎందుకీ భయం?

హెపటైటిస్ సి పేరు చెబితే మా విద్యార్థి దశలో పెదవి విరిచేవారు. ఇంజెక్షన్లు ఏడాది పొడుగునా వేసినా సగంమందికి నయం కావటం గగనమయ్యేది. 2013లో సోఫాస్బువిర్ అనే మందు వచ్చి ఆ కథ మార్చివేసింది. మరుసటి ఏడు దాన్ని చవకగా తయారు చెయ్యటానికి మన దేశపు కంపెనీలకు అనుమతి దొరికింది. వాటిలో హైదరాబాదు కంపెనీలూ వున్నాయి. ఇప్పుడు సామాన్యంగా పన్నెండు వారాలు మాత్రలు మింగితే నూటికి తొంభైయైదుమంది దగ్గిర వైరస్ మాయమవుతుంది. 2018 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద సర్కారు ఆస్పత్రుల్లో ఈ బి, సి పరీక్షలూ మందులూ ఉచితంగా ఇస్తున్నారు.

సి రకం భార్యాభర్తల మధ్య పాకటం బహు అరుదు. అమెరికాలో ఐదువందల జంటలను పరిశీలించి 2013లో ప్రకటించిన లెక్క ప్రకారం, అది సుమారు లక్షా తొంభైవేల కలయికలకు ఒకసారి. మగవారితో సంబంధం గల మగవారిలో, అందులోనూ హెచ్.ఐ.వి. వున్నవారిలో, ముప్పు అంతకంటే ఎక్కువ గనుక వారు నిరోధ్ మానరాదు.

ఒక్క హెచ్చరిక. ఈ జబ్బుకు రిబావిరిన్ అనే మాత్ర కూడా కలిపి ఇస్తే, అది గర్భస్థ శిశువుకు మహా చెడ్డది. భర్త వాడినా సరే, వాడుతున్నన్నాళ్ళూ, మానిన తరవాత కనీసం ఆరు నెలలూ భార్య గర్భం ధరించకూడదు. ఈ మాట డాక్టరు చెప్పకపోతే మీరే అడగాలి.

హెచ్.ఐ.వి. లెక్క మారింది

ఈ మూడింటిలోనూ జనం ఎక్కువ భయపడేది హెచ్.ఐ.వి.కి. మన దేశంలో 1986లో మద్రాసులో తొలిసారి కనబడింది. ఆ తరవాతి ఇరవై ఏళ్ళలో గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎన్ని గుమ్మాల్లో దీపాలు ఆరినాయో మా తరం డాక్టర్లకు తెలుసు. ఆ భయం అబద్ధం కాదు. ఐతే అది ఆనాటి భయం.

2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తున్నది. 2017 నుంచి, వైరస్ వున్నదని తేలిన ప్రతివారికీ ఆలస్యం చెయ్యకుండా మందు మొదలుపెడుతున్నారు. ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్నది మూడు మందులు కలిసిన ఒకే మాత్ర, రోజుకొకటి. తప్పకుండా వేసుకుంటే కొద్దినెలల్లో రక్తంలో వైరస్ కొలతకు అందనంతగా తగ్గిపోతుంది.

అలా తగ్గినవాడివల్ల భార్యకు అంటుతుందా? దీనికి జవాబు కోసం తొమ్మిది దేశాల్లో 1,763 జంటలను పరిశీలించారు. అందులో మన చెన్నై, పుణె జంటలూ వున్నాయి. మందు త్వరగా మొదలుపెట్టినవారినుంచి భాగస్వామికి అంటటం నూటికి తొంభైయారు వంతులు తగ్గిందని 2011లో తేలింది. ఐరోపాలోని పద్నాలుగు దేశాల్లో, వైరస్ అణిగివున్న జంటలు నిరోధ్ లేకుండా కలిసిన సందర్భాలు యాభైయెనిమిదివేలు లెక్కపెట్టి 2016లో ప్రకటించారు. ఆ భాగస్వామినుంచి అంటినది ఒక్కటి కూడా లేదు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా, కొలతకు అందని స్థితిలో వున్నవారినుంచి సంపర్కం ద్వారా అంటే ముప్పు లేదని ప్రకటించింది.

ఇందులో మెలిక ఒక్కటే వుంది: మాత్ర మానరాదు, పరీక్ష మానరాదు. వైరస్ లెక్క తగ్గిందని కాగితంమీద చూసేదాకా నిరోధ్ వదలరాదు. ఈ అభయం హెచ్.ఐ.వి.కే గాని హెపటైటిస్ బి కి వర్తించదు; దానికి భార్యకు టీకాయే దిక్కు. రెండూ కలిసి వున్నవాడు మరింత జాగ్రత్తగా వుండాలి. ఆ మాత్రలోని రెండు మందులు బి వైరస్‌నూ అణచివుంచుతాయి గనుక, మానితే రెండు వైపులా దెబ్బ.

పిల్లల మాట

"నా జబ్బు బిడ్డకు వస్తుందా?" అని తండ్రులు అడుగుతారు. సూత్రం చాలా చిన్నది: తల్లిని కాపాడితే బిడ్డను కాపాడినట్టే. తల్లికి హెచ్.ఐ.వి. సోకకపోతే తండ్రికి వున్నంతమాత్రాన బిడ్డకు రాదు. హెపటైటిస్ బి కి తల్లి దగ్గిర రక్షణ వుండి, పుట్టగానే బిడ్డకు టీకా పడితే ఇంట్లో తండ్రి ఎత్తుకున్నా, ముద్దాడినా భయం లేదు.

వైరస్ అణిగివున్న భర్త మామూలుగానే తండ్రి కావచ్చు. అణగని కేసులకు, అనుమానం తీరనివారికి, మరో దారి వుంది. హెచ్.ఐ.వి. వీర్యద్రవంలోనూ, అందులోని తెల్లకణాల్లోనూ వుంటుంది. వాటినుంచి వీర్యకణాలను కడిగి వేరుచేసి గర్భాశయంలోకి పంపే పద్ధతిని మిలాన్‌లోని సెంప్రినీ అనే డాక్టరు బృందం 1992లోనే ప్రకటించింది. ఇవాళ మందులే బాగా పనిచేస్తున్నందువల్ల దాని అక్కర తగ్గింది.

దీర్ఘకాలం ఈ వైరస్‌లు వున్నవారిలో కొందరికి వీర్యకణాల చురుకు తగ్గవచ్చు. అంతమాత్రాన పిల్లలు కలగకపోవటానికి అదే కారణమని తీర్మానించి కూచోరాదు. అందరు దంపతులకు మల్లేనే ఇద్దరికీ పరీక్షలు చేయించి చూడాలి. నెపం మగవాడి వైరస్‌మీద వేసినా, అలవాటు చొప్పున కోడలిమీద వేసినా ఒకే తప్పు.

నరాల బలహీనత పేరిట వ్యాపారం

ఇక మగవాళ్ళు అందరికంటే ఆఖరున చెప్పే బాధ. కోరిక తగ్గటం, అంగం గట్టిపడకపోవటం. ఈ వైరస్‌లున్నవారిలో ఇది తక్కువేమీ కాదు. సగం కారణం భయమే. "నేను తాకితే ఆవిడకు అంటుతుంది" అని మనసులో పెట్టుకున్నవాడికి శరీరం ఎలా సహకరిస్తుంది? తక్కినదానికి దిగులు, నిద్రలేమి, మద్యం, షుగరు, రక్తపోటు, మగహార్మోను తగ్గటం కారణాలు. కాలేయం బాగా గట్టిపడినవాడికి హార్మోన్ల పొత్తు తప్పి వృషణాలు చిన్నవవటం, రొమ్ములు పెరగటం కూడా వుంది. వీటన్నిటికీ పరీక్షలున్నాయి, చికిత్సలున్నాయి.

ఐతే మన మగవాడు డాక్టరు దగ్గిరకు రాడు. నెలకొకసారి లాడ్జిలో దిగే 'గుప్తవ్యాధుల నిపుణుడి' దగ్గిరకు వెళతాడు. అతను 'నరాల బలహీనత' అని పేరు పెట్టి, పేరులేని పొడి పొట్లాలు ఇస్తాడు. అటువంటి పొడుల్లో చాటుగా సిల్డెనాఫిల్ కలిపి అమ్మటం ఎన్నోసార్లు పట్టుబడ్డది. మంచిపేరున్న అశ్వగంధ వల్ల కూడా కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశపు డాక్టర్లే వైద్యపత్రికల్లో రాశారు. అప్పటికే కాలేయం చెడినవాడికి ఇది ప్రాణంమీదికి తేవచ్చు.

మందులషాపులో సిల్డెనాఫిల్ కొనుక్కుంటే పోలా అంటారు. హెచ్.ఐ.వి.కి రెండో వరస మందుల్లో రిటొనావిర్ అనేది వుంటుంది. అది సిల్డెనాఫిల్‌ను ఒంట్లోనుంచి పోనివ్వదు. రక్తపోటు ప్రమాదకరంగా పడిపోవచ్చు. గుండెనొప్పికి నాలికకింద పెట్టుకునే మాత్రలు వాడేవాడు దాన్ని ముట్టుకోనే కూడదు. అలాగే బలానికని మగహార్మోను ఇంజెక్షన్లు వేయించుకుంటే వీర్యకణాలు తయారవటం తగ్గిపోతుంది. పిల్లలు కావాలనుకునేవాడు అడగకుండా వేయించుకోరాదు. మీరు వాడే మందులన్నీ ఒక చీటీమీద రాసుకుని డాక్టరుకు చూపించండి. సిగ్గు అక్కడ పడవలసింది కాదు.

చెప్పాలా, మానాలా?

పెళ్ళికిముందు ఈ సంగతి చెప్పాలా అంటే, చెప్పాలి. అందులో రెండోమాట లేదు. రక్తం ఇవ్వబోయి హెచ్.ఐ.వి. వున్నదని తెలిసిన ఒక డాక్టరు, ఆ సంగతి బయటపడి తన పెళ్ళి ఆగిపోతే కోర్టుకెక్కాడు. అటువంటివారికి పెళ్ళి హక్కు తాత్కాలికంగా లేనట్టేనని సుప్రీంకోర్టు 1998లో అన్నది. ఆ వ్యాఖ్యలు ఆ కేసుకు అవసరం లేనివని 2002లో తానే పక్కన పెట్టింది. 2017లో వచ్చి 2018 సెప్టెంబరు 10 నుంచి అమలైన హెచ్.ఐ.వి. చట్టం రెండు వైపులా న్యాయం చేసింది. ఉద్యోగంలో గాని, ఆస్పత్రిలో గాని అటువంటివారిమీద వివక్ష చూపరాదు, అనుమతి లేకుండా వారి రహస్యం బయటపెట్టరాదు అన్నది. కౌన్సెలింగ్ పొందినవాడు ఇతరులకు అంటకుండా తగిన జాగ్రత్త తీసుకోవాలని, ఆ సంగతి భాగస్వామికి ముందుగా చెప్పటం అటువంటి జాగ్రత్తల్లో ఒకటని కూడా అన్నది. హెపటైటిస్ వున్నవాడికీ ధర్మం ఇదే.

పిల్లనిచ్చేవారికీ ఒక ధర్మం వుంది. నిజం చెప్పినవాణ్ణి దోషిలా నిలబెడితే, రెండో సంబంధంవాళ్ళ దగ్గిర అతను నోరు విప్పుతాడా? దాచిన వైరస్‌కు సూది వెయ్యలేం. చెప్పినవాడి భార్యకు టీకా దొరుకుతుంది, చెప్పినవాడి బిడ్డ క్షేమంగా పుడుతుంది. నా అనుభవంలో ఇలాంటి ఇళ్ళల్లో వైరస్ చేసిన చెరుపుకంటే మౌనం చేసిన చెరుపే ఎక్కువ.

కనుక ఈడొచ్చిన కొడుకున్న తల్లిదండ్రులకూ, కూతురున్నవారికీ నే చెప్పేది ఒకటే. సంబంధం ఖాయమయ్యాక ఇద్దరికీ, వారి ఇష్టంమీదనే, మూడు పరీక్షలూ చేయించండి. ఒక్క అబ్బాయికే కాదు, ఇద్దరికీ. బి టీకా పడని పెద్దవాళ్ళు ఇంట్లో ఎవరున్నా వేయించుకోండి. హెచ్.ఐ.వి. గురించి అడగటానికి 1097 నంబరు వుంది. ఖర్చు లేదు, పేరు చెప్పనక్కర లేదు. పరీక్షలో ఏదైనా తేలితే జాతకంలో దోషం కనబడ్డప్పుడు చేసే పనే చెయ్యండి. శాంతి చేయించి పెళ్ళి చేస్తాం గాని, సంబంధం వదులుకోము కదా! ఇక్కడి శాంతి మూడు సూదులో, రోజుకొక మాత్రో. ఫలితం మటుకు ఖాయం.